కొండకు బరువు కాని బస

క్రిస్మస్ పండుగ ముగిసి నూతన సంవత్సరం ఇంకా రాని ఆ నాలుగైదు రోజులలో మన కోస్తా విచారణల నుండి ఎన్ని కుటుంబాలు అరకులోయకు బయలుదేరుతాయో మీకు తెలియనిది కాదు. పిల్లలకు సెలవులు. పెద్దలకు కాస్త తీరిక. విశాఖపట్నం నుండి సుమారు 115 కిలోమీటర్ల దారి. సొరంగాలలో దూరి బయటపడే రైలు, బొర్రా గుహలు, వాలు మీద వలిసె చేల పసుపు, కాఫీ తోటల నీడ, తెల్లవారితే నోటివెంట పొగ! ఉక్కకు అలవాటు పడిన మనకు అది పండుగ తరువాత వచ్చే మరో పండుగ.

కొన్నేళ్ళ క్రితం మేమూ నాలుగు కుటుంబాలుగా కలిసి వెళ్ళాము. ఊరికి ఎడంగా, కొండవాలు మీద కట్టిన కాటేజీలలో దిగాము. గేటు దగ్గర ప్రకృతి ఒడిలోకి స్వాగతమని ఆకుపచ్చ అక్షరాల బోర్డు. గదికొక గీజరు, ఒక టీవీ, లోయవైపు పెద్ద అద్దాల కిటికీ. దుంగలతో కట్టారనుకుని వరండా స్తంభాన్ని తట్టి చూశాను. సిమెంటు! దానిమీద బెరడు గీతలు గీసి గోధుమరంగు వేశారు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

మరునాడు ఉదయం దిగువన ఉన్న గూడెంవైపు నడిచి వెళుతుంటే ఒక ముసలమ్మ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని దారి ఎక్కి వస్తోంది. "ఏమమ్మా, ఊళ్ళో నీళ్ళు లేవా?" అని అడిగాను. "ఊట ఇదివరకు మా ఇంటెనకే ఉండీది బాబూ. ఇప్పుడు గొట్టమేసి అటు అట్టుకుపోనారు. మేం గెడ్డకెల్లి తెచ్చుకుంటన్నాం" అంది. కోపంగా అనలేదు. అటు అన్నప్పుడు గడ్డంతో చూపించిన దిక్కున ఉన్నవి మేము దిగిన కాటేజీలే.

ఆ ఉదయం మా నాలుగు గదులలో మనిషికి రెండేసి బక్కెట్ల వేడినీళ్ళు పోసుకున్నాము. పిల్లలు కుళాయి విప్పి ఆడుకున్నారు. ఆ నీరు ఎక్కడిదని మాలో ఒక్కరమూ అడగలేదు. డబ్బు కట్టాము కదా అన్నదే మా ధీమా.

ఈ వ్యాసం యాత్రలు మానుకోమని చెప్పడానికి రాయడం లేదు. కానీ ఒక ప్రశ్న అప్పటి నుండి నన్ను వదలలేదు. అందమైన చోటును చూడబోయి, అక్కడ తలదాచుకోవడానికి కట్టే గది కోసం ఆ చోటినే కొంత చెరిపితే, అక్కడివారి బ్రతుకును కొంత బరువు చేస్తే ఆ తప్పు ఎవరిది? కట్టినవారిదా, అనుమతి ఇచ్చినవారిదా, దిగిన అతిథిదా? అసలు కొండకు బరువు కాకుండా కట్టడం సాధ్యమేనా?

ఒక వాస్తుశిల్పి ఇచ్చిన పేరు

ఈనాడు ప్రతి బోర్డు మీద కనిపించే పర్యావరణ పర్యాటకం అనే మాటను 1983లో వాడుకలోకి తెచ్చినవాడు మెక్సికో దేశస్థుడు హెక్టర్ సెబయోస్ లాస్కురైన్ అని చెబుతారు. ఆయన వృత్తిరీత్యా వాస్తుశిల్పి. ఇది కాకతాళీయం కాకపోవచ్చు. అడవిని చూడడానికి మనుషులు వస్తే వారు ఎక్కడో ఒకచోట పడుకోవాలి, స్నానం చేయాలి, తినాలి. అందుచేత యాత్ర మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న చివరకు ఆ గోడలు, ఆ గొట్టాలు ఎలా ఉన్నాయన్న ప్రశ్న దగ్గరకే వస్తుంది. ఐక్యరాజ్యసమితి 2002ను పర్యావరణ పర్యాటక సంవత్సరంగానూ, పర్వతాల సంవత్సరంగానూ ప్రకటించింది. రెండింటినీ ఒకే ఏడాది తలచుకోవడం సమంజసమే అనిపిస్తుంది.

అయితే మాట మంచిదైనంత మాత్రాన పని మంచిది కాదు. పచ్చరంగు బోర్డుకు ఖర్చు తక్కువ. సిమెంటు స్తంభానికి బెరడు గీతలు గీయడం ఒక్కపూట పని. కొండ నొచ్చుకోకుండా కట్టడం మాత్రం కష్టం. ఎందుకో తెలియాలంటే వాలు మీద ఇల్లు కట్టేటప్పుడు ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

వాలు లెక్క వేరు

మైదానంలో ఇల్లు కట్టేవారికి చదునైన నేల దొరుకుతుంది. కొండమీద అది ఉండదు. కాబట్టి అలవాటు చొప్పున జేసీబీతో వాలును అడ్డంగా కోస్తారు. తవ్వి తీసిన మట్టిని ముందువైపు పోసి చదును చేస్తారు. సగం ఇల్లు కోసిన నేల మీద, సగం పోసిన మట్టి మీద నిలుస్తుంది. కొన్నాళ్ళకు పోసిన మట్టి దిగుతుంది, గోడ పగులుతుంది. కోసినచోట అంతకంటే పెద్ద కీడు దాగి ఉంటుంది. పైనున్న మట్టిని కిందినుండి ఆపుతున్న పాదాన్నే మనం తీసివేశాము. బియ్యం కుప్ప అడుగున చెయ్యిపెట్టి దోసెడు లాగితే పైనుండి జారిపడడం ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే.

దీనికి వాన తోడవుతుంది. అడవి ఉన్నచోట చినుకు ముందు ఆకుమీద, తరువాత రాలిన ఆకులమీద పడి మెల్లగా ఇంకుతుంది. వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. చెట్లు కొట్టి, రోడ్డు వేసి, కప్పు కట్టినచోట అదే నీరు ఒక్కచోట చేరి దూకుతుంది. మట్టి సందులలో నీరు నిండితే రేణువుల మధ్య పట్టు సడలుతుంది. మన తూర్పు కనుమలలో విరివిగా కనిపించే ఖొండలైట్ అనే రాయి త్వరగా శిథిలమై ఎర్రమట్టిగా మారే స్వభావం కలది. ఆ రాయికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అక్కడ నివసించే ఖోండు గిరిజనుల పేరే. ఆ ప్రజలకూ ఆ కొండకూ ఉన్న బంధం భూగర్భశాస్త్రం పుస్తకంలో కూడా నిలిచిపోయింది.

హిమాలయాలలో జోషీమఠ్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బదరీనాథ్ యాత్రికులకు అది మజిలీ. ఆ ఊరు పూర్వం ఎప్పుడో జారిపడిన కొండచరియల రాళ్ళూ మట్టి మీద నిలిచి ఉందని, అక్కడ బరువైన కట్టడాలు కట్టరాదని, చెట్లు కొట్టరాదని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. అయినా హోటళ్ళు అంతస్తు మీద అంతస్తుగా లేచాయి. 2023 జనవరిలో ఎనిమిది వందలకు పైగా కట్టడాలు బీటలు వారాయి. ఒకదానివైపు ఒకటి ఒరిగిన రెండు హోటళ్ళను కూల్చివేయవలసి వచ్చింది. కారణాలు అనేకం చెప్పారు. జలవిద్యుత్తు పథకపు సొరంగాన్ని కొందరు, మురుగునీరు భూమిలోకి ఇంకడాన్ని కొందరు తప్పుపట్టారు. కానీ మోయలేని నేల మీద మోయరాని బరువు పెట్టామన్న మాటను ఎవరూ కాదనలేదు.

2024 జూలై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడులో ముండక్కై, చూరల్‌మల ప్రాంతాల మీద కొండ విరిగిపడి 200 మందికి పైగా మరణించారు. అంతకుముందు రెండు రోజులలో 500 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. ఇక్కడ మనం న్యాయంగా మాట్లాడాలి. ఆ చరియ విరగడం మొదలైంది పైన అడవి వాలులో. దాన్ని రిసార్టుల నెత్తిన మోపడం సులువే గాని సత్యం కాదు. కానీ ఆ బురద, బండరాళ్ళు కిలోమీటర్ల పొడవున వాగు దారి వెంటే వచ్చాయి. ఆ దారిలో ఉన్న ఇళ్ళు, తోటపనివారి లయాలు, బడి దానికి ఎదురుపడ్డాయి. కనుక ఎలా కట్టాలన్న ప్రశ్నకు ముందు, ఎక్కడ కట్టనే కూడదు అన్న ప్రశ్న ఉంది. వాగు పక్కన నది శబ్దం వినిపించే గది కావాలని అడిగే అతిథి ఈ సంగతి ఎరగడు. కట్టేవాడికి మాత్రం తెలిసి ఉండాలి.

తక్కువ తాకి కట్టేవారు

మరి వేరే దారి లేదా? ఉంది. అది కొత్తదీ కాదు.

వాలును కోయకుండా, ఇంటినే వాలుకు తగినట్టు మలచడం మొదటి సూత్రం. పెద్ద భవనం ఒకటి కట్టేబదులు చిన్న గదులు కొన్నిటిని, కొండ ఎత్తు మారని గీత వెంబడి ఒకదాని పక్కన ఒకటిగా కడతారు. గదిని పొట్టి స్తంభాల మీద నిలబెడితే వాననీరు కింద నుండి తన దారిన తాను పోతుంది. గడ్డి, పురుగు, ఉడుత కూడా తమ దారిన పోతాయి. చెట్టు అడ్డం వస్తే గదిని జరుపుతారు. కారు రోడ్డును గది గుమ్మం దాకా తీసుకుపోరు. దిగువన ఆపి, నడకదారి వేస్తారు. కొండకు గదికంటే ఎక్కువ గాయం చేసేది చాలాసార్లు ఆ గదికి వేసిన రోడ్డే.

శ్రీలంకలో దంబుల్లా దగ్గర జెఫ్రీ బావా అనే వాస్తుశిల్పి కట్టిన కందలమ హోటలును ఇందుకు తరచుగా చూపిస్తారు. 1994లో పూర్తయింది. యజమానులు మొదట సిగిరియా కొండ దగ్గర స్థలం అనుకుంటే, అక్కడ వద్దని దూరంగా మరో చోటు ఎంచింది ఆయనే. కొండరాతి అంచు వెంబడి స్తంభాల మీద కట్టి, కప్పు మీద మొక్కలు పెంచి, గోడలకు తీగలు అల్లించారు. ఏళ్ళు గడిచేసరికి దూరం నుండి చూస్తే హోటలు ఏది, కొండ ఏది అన్నంతగా కలిసిపోయింది. అయినా అది 152 గదుల పెద్ద హోటలు. కట్టేటప్పుడు స్థానికుల నుండి, బౌద్ధ భిక్షువుల నుండి గట్టి వ్యతిరేకత వచ్చింది. ఎంత నేర్పుగా కట్టినా, ఇక్కడ ఇంతమంది అతిథులు అవసరమా అన్న ప్రశ్నకు నేర్పు జవాబు కాదని వారి నిరసన మనకు గుర్తుచేస్తుంది.

రెండవ సూత్రం దగ్గర దొరికే వస్తువులతో కట్టడం. ఇంగ్లండులో పుట్టి 1945లో మన దేశానికి వచ్చిన లారీ బేకర్ హిమాలయాలలోని పిథోరాగఢ్ కొండలలో పదిహేనేళ్ళు గడిపారు. అక్కడి రైతులు రాయి, మట్టి, కలపతో కట్టుకున్న ఇళ్ళే తనకు పాఠశాల అని ఆయన చెప్పుకునేవారు. ఇంటికి కావలసిన వస్తువులు ఐదు మైళ్ళ లోపలే దొరకాలన్న గాంధీజీ ఆలోచన ఆయన జీవితాన్ని మలిచింది. తరువాత ఆయన కేరళలో స్థిరపడినప్పుడు తిరువనంతపురం ఆర్చిబిషప్పు మార్ గ్రెగోరియోస్ పేదల ఇళ్ళకు, ఆరాధనాలయాలకు ఆయన చేత పని చేయించారు. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ఆయన కట్టుబడిలో సుమారు నాలుగోవంతు ఇటుక ఆదా అవుతుంది. ఇటుక తగ్గితే బట్టీలో కాలే కట్టె తగ్గుతుంది, కొండ ఎక్కే లారీల రాకపోకలూ తగ్గుతాయి.

హిమాచల్ ప్రదేశ్‌లో దేవదారు దూలం ఒక వరస, రాయి ఒక వరసగా సున్నం కూడా లేకుండా పేర్చే కాఠ్-కుణి అనే పద్ధతి ఉంది. భూమి కంపించినప్పుడు ఆ గోడ విరగకుండా కొంత కదిలి మళ్ళీ కుదురుకుంటుంది. మన సంగతే చూడండి. ఉత్తరాంధ్ర తీర గ్రామాలలోని చుట్టిళ్ళు గుండ్రంగా ఉండి గాలికి ఎదురు నిలవక పక్కకు తప్పిస్తాయి. మన్యంలో చూరు బాగా కిందికి దింపుతారు. మట్టిగోడ మీద వాన కొట్టకుండా కాపాడేది ఆ చూరే. అరుగు ఎత్తు, కిటికీ చిన్నదనం అన్నిటికీ కారణాలున్నాయి. అక్కడి చలిని, వానను తరతరాలుగా భరించినవారు చేసిన నిర్ణయాలవి.

అయితే తేలికగా కట్టడమంటే అలక్ష్యంగా కట్టడం కాదు. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుఫాను కొండల మీద కూడా విరుచుకుపడి, కాఫీ మొక్కలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను పెద్ద ఎత్తున కూల్చింది. తేలికైన కప్పును గాలి ఎత్తుకుపోకుండా పునాదికి గట్టిగా బంధించాలి. వెదురును బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టకపోతే కొద్దికాలానికే పుచ్చి పొడి రాలుతుంది. పాత తెలివికి కొత్త శాస్త్రం తోడు కావాలి.

కనిపించని బరువు

గోడలు ఎంత తేలికైనా లోపల మన అలవాట్లు బరువైతే ఏం లాభం? లడాఖ్ ఇందుకు సాక్ష్యం. లేహ్‌లో ఏడాదికి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే. మంచు కరిగి వచ్చే నీటితోనే వ్యవసాయం, తాగునీరు. అక్కడివారి మరుగుదొడ్లకు నీరు అక్కరలేదు. పై గదిలో వాడి బూడిద, మట్టి చల్లుతారు. కింది గదిలో అది ఎరువై పొలానికి పోతుంది. 1974లో పర్యాటకులకు తలుపులు తెరిచాక హోటళ్ళు వచ్చాయి. అతిథులు తమ ఇంట్లో ఉన్నట్టే నీళ్ళ మరుగుదొడ్డి కావాలన్నారు. దాని కోసం బోర్లు వేశారు. మురుగు భూమిలోకి దిగి ఊటలను తాకింది. నీరు లేని కష్టానికి ఆ ప్రజలు కనిపెట్టిన ఉపాయాన్ని అతిథి వెనకబాటుతనం అనుకున్నాడు.

మన కొండల మీద కూడా అంతే. వాలు మీద ఇంకుడు గుంత తవ్వి మురుగు వదిలితే అది దిగువ ఊటలో తేలవచ్చు. వాలు మట్టి ఎప్పుడూ తడిగా ఉండి జారడానికి సిద్ధమవుతుంది. మంచి విడిదిలో స్నానాల నీటిని రెల్లు, మెట్టతామర మొక్కల మడిలో పారించి శుభ్రపరచి తోటకు వదులుతారు. కప్పుమీద పడిన వాననీటిని తొట్టిలో పడతారు. రాత్రి దీపాలను నేలవైపు మాత్రమే వెలుగు పడేటట్లు అమరుస్తారు. లేకపోతే అడవి పురుగులన్నీ వచ్చి ఆ దీపాల కింద చచ్చిపడతాయి. వాటిని తిని బ్రతికే పక్షులకు తిండి ఉండదు.

చివరిగా, మంచి కట్టడానికి మరో లక్షణం ఉంది. అవసరం లేదని తేలినప్పుడు దాన్ని విప్పి తీసివేయగలగాలి. బోల్టులతో బిగించిన కలప గదిని పదేళ్ళ తరువాత విప్పితే ఆ చోట మళ్ళీ గడ్డి మొలుస్తుంది. కాంక్రీటు పోసిన చోట మన మనుమలకు కూడా గడ్డి మొలవదు. మన అంచనా తప్పు కావచ్చునని ముందే ఒప్పుకుని కట్టడం వినయానికి గుర్తు.

ఆ కొండ ఎవరిది?

ఇంతవరకు మాట్లాడినది గోడల గురించి, నీళ్ళ గురించి. వీటన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఆ కొండలు షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. మనమంతా 1/70 చట్టమని పిలిచేది అదే. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోరాదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజులను విచారిస్తూ, ప్రభుత్వం కూడా ఆ భూములను గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని చెప్పింది. 1996 నాటి పెసా చట్టం ఊరి వనరుల విషయంలో గ్రామసభ మాటకు విలువ ఇచ్చింది. కాబట్టి పేరుకు ఒక గిరిజనుని ముందు నిలబెట్టి, పెట్టుబడీ లాభమూ వేరొకరివైతే, ఆ కాటేజీని వెదురుతో కట్టినా బంగారంతో కట్టినా అది న్యాయమైన ఇల్లు కాదు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. మట్టి గోడలు, పెంకు కప్పులు ఎంతో మంచివని మనం పొగుడుతున్నాము. కానీ ఆ గూడెంలోని కుర్రవాడు తనకు స్లాబు ఇల్లు కావాలంటాడు. వానాకాలం ప్రతి ఏడూ కప్పు నేసే బాధ, చెదల బాధ అతనికి తెలుసు. రెండు రాత్రులు మట్టి గదిలో పడుకుని మురిసిపోయి, తిరిగి తన స్లాబు ఇంటికి వచ్చేసే మనకు, నీవు మాత్రం మట్టిలోనే ఉండు, మాకు చూడముచ్చటగా ఉంటుంది అని చెప్పే హక్కు ఎక్కడిది? గిరిజనుల ఇంటిని బొమ్మల కొలువుగా చూడడం కూడా ఒక రకమైన దోపిడీయే.

నేను ఆలోచించినంతలో దీనికి ఒకటే సమాధానం కనిపిస్తుంది. తన ఇల్లు ఎలా ఉండాలో నిర్ణయించుకునే హక్కు ఆ కుర్రవానిదే. మనం చెప్పదగినది అతిథి గది గురించి మాత్రమే. అక్కడికి అదనపు బరువు తెచ్చేది మనమే కాబట్టి ఆ బరువు తగ్గించుకునే బాధ్యతా మనదే. ఆ గదిని అతడే కట్టి, అతడే నడిపి, ఆదాయం అతని ఇంటికే చేరితే, మట్టి వాడాలా ఇటుక వాడాలా అన్నది అతని తెలివికి వదలవచ్చు. ఊట నీరు గొట్టంలో ఎక్కడికి పోవాలో గ్రామసభ నిర్ణయిస్తే ఆ ముసలమ్మ గెడ్డకు పోవలసిన అవసరం బహుశా ఉండేది కాదు. తన తల్లి నీళ్ళు మోయడం చూసే మనిషి గదికి ఎన్ని బక్కెట్లు ఇవ్వాలో ఎవరూ చెప్పకుండానే లెక్క వేస్తాడు.

పేదవారి విహారం మాటేమిటి?

కొందరు పాఠకులు ఈపాటికి మరో ప్రశ్న వేసి ఉంటారు. ఇంత జాగ్రత్తగా కట్టిన గదుల అద్దె మనవంటివారు భరించగలమా? కొండలు ఇక ధనవంతుల సొత్తేనా? భూటాను దేశం ఎక్కువ విలువ, తక్కువ జనం అన్న విధానాన్ని పాటిస్తోంది. 2022లో విదేశీ పర్యాటకులపై రాత్రికి 200 డాలర్ల రుసుము పెట్టి, 2023లో దాన్ని 100 డాలర్లకు తగ్గించింది. మన దేశస్థులకు 1200 రూపాయలు పెట్టింది. అడవులు మిగిలాయి. కానీ నలుగురు పిల్లలున్న గుమాస్తా కుటుంబం అక్కడికి వెళ్ళడం కష్టమే. ఈ ఫిర్యాదులో న్యాయం ఉంది.

అయితే ఒక సంగతి గమనించండి. కొండమీద ఎక్కువ బరువు పెట్టేది పేద యాత్రికుడు కాదు. అతడు బస్సులో లేదా రైలులో వస్తాడు, ఊళ్ళోని మామూలు లాడ్జిలో దిగుతాడు, పగలు కొండ ఎక్కి సాయంత్రం దిగిపోతాడు. లోయ కనిపించే అద్దాల గది, గుమ్మం దాకా కారు, ఈతకొలను అడిగేవారి కోసమే వాలు కోయబడుతోంది. కొండకు అన్నిటికంటె తక్కువ బరువైన గది కట్టకుండా మానేసినదే. ఇప్పటికే ఉన్న ఊరిలో, ఇప్పటికే ఉన్న కప్పుకింద పడుకుని, తెల్లవారుజామున నడిచి వెళ్ళి మేఘాలను చూసి వచ్చేవాడు ఏ వాస్తుశిల్పీ చేయలేనంత మేలు చేస్తున్నాడు. అతడు ప్లాస్టిక్ సీసాను అక్కడ పారవేయకుండా ఉంటే చాలు. వంజంగి వంటి చోట్లకు జనం పోటెత్తుతున్న ఈ రోజులలో అదీ చిన్న మాట కాదు.

మనం అడగవలసినవి

ప్రియ పాఠకులారా! కట్టేవారికి చట్టాలున్నాయి, అధికారులున్నారు. వారి పని వారు చేయాలి. కానీ గిరాకీ మనది. అద్దాల కిటికీ కావాలని మనం అడిగినంతకాలం ఎవరో ఒకరు వాలును కోస్తూనే ఉంటారు. కాబట్టి ఈసారి గది మాట్లాడుకునే ముందు అద్దె ఎంత, భోజనం ఉందా అన్నవాటితో పాటు మరో నాలుగు ప్రశ్నలు అడుగుదాము. నీళ్ళు ఎక్కడి నుండి వస్తున్నాయి? మురుగు ఎక్కడికి పోతోంది? ఈ స్థలం, ఈ వ్యాపారం ఎవరివి? గది వెనక కోసిన మట్టిగోడ ఎంత ఎత్తుంది? ఫోనులో ఈ ప్రశ్నలు వింటే అవతలివారు మొదట విస్తుపోతారు. పదిమంది అడిగాక జవాబు సిద్ధం చేసుకుంటారు. వందమంది అడిగాక ఆ జవాబుకు తగినట్టు కట్టడం మొదలుపెడతారు.

వెళ్ళాక కూడా మనం చేయగలిగినవి ఉన్నాయి. ఒక బక్కెట్టుతో సరిపెట్టుకోవడం. దుప్పటి రోజూ మార్చవద్దని చెప్పడం. రాత్రి పాటల పెట్టె మోగించకపోవడం. ఆ ఊరివారు వండిన అన్నం తినడం, అడిగిన ధర బేరమాడకుండా ఇవ్వడం. పిల్లలకు ఇవన్నీ ఎందుకో చెప్పడం. మన పల్లెలలో చుట్టపుచూపుగా వెళ్ళినవారు ఇంటివాళ్ళ బావి ఎండిపోతుంటే నీళ్ళు తోడి పారబోస్తారా? మన పెద్దలు మనకు నేర్పిన మర్యాద అదే. కొండమీద కూడా మనం చుట్టాలమే.

గడచిన డిసెంబరులో మా కుటుంబాలు మళ్ళీ బయలుదేరాయి. ఈసారి ఊళ్ళోనే, బజారు వెనక ఒక పాత లాడ్జిలో దిగాము. గదిలోంచి లోయ కనిపించలేదు. ఎదురింటి పెంకుల మీద ఆరబెట్టిన మిరపకాయలు కనిపించాయి. పిల్లలు కొంచెం గునిశారు. తెల్లవారుజామున ఐదింటికి లేపి, చలిలో నడిపించి కొండకు తీసుకుపోతే గునుపు మరిచిపోయారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పాత గూడెం దారిన వచ్చాము. ముసలమ్మ కనబడలేదు. ఊట గొట్టం మాత్రం ఇంకా ఆ కాటేజీల వైపే ఉంది. దాని అతుకు దగ్గర చుక్కలు చుక్కలుగా కారుతున్న నీటి కింద ఎవరో ఒక బిందె పెట్టి వెళ్ళారు. అది సగం నిండి ఉంది.

మా చిన్నవాడు ఆ బిందెను చూసి, ఇది ఎప్పటికి నిండుతుందని అడిగాడు. మధ్యాహ్నానికి నిండవచ్చు అన్నాను. ఆ రోజు లాడ్జిలో వాడు ఒక్క బక్కెట్టుతోనే స్నానం ముగించాడు.